ఐరన్ లెగ్ లెక్కలు

క్రికెట్ టీమ్ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఒక ఐరన్ లెగ్ ఉంటాడు. మా బొల్లాపల్లి వైపు కూడా అంతే. "వాడు దిగితే మనం గెలవం రా" అంటారు. వాడు బౌలింగ్ ఎలా వేశాడో ఎవరూ అడగరు. వరసగా నాలుగు మ్యాచ్‌లు పోతే చాలు, ముద్ర పడిపోద్ది. ఇదేదో పల్లెటూరి పిచ్చి అనుకోకండి. అమెరికా వాళ్లు ఇలాంటి లెక్కనే బేస్‌బాల్‌లో అధికారికంగా రాసుకుంటారు.

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు పిచ్చర్. మన బౌలర్ లాంటివాడే. మ్యాచ్ అయ్యాక గెలుపుని ఒక పిచ్చర్ ఖాతాలో, ఓటమిని అవతలి టీమ్ పిచ్చర్ ఖాతాలో వేస్తారు. వచ్చిన గెలుపుల్ని గెలుపోటముల మొత్తంతో భాగిస్తే విన్నింగ్ పర్సంటేజ్. చిక్కల్లా ఒకటే: తన టీమ్ బ్యాటర్లు పరుగులు తీయకపోతే, ఎంత బాగా విసిరినా గెలుపు రాదు.

2018 సీజన్ చూడండి. న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జేకబ్ డిగ్రోమ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చింది 1.70 పరుగులే. కానీ అతని ఖాతాలో 10 గెలుపులు, 9 ఓటములు. అంటే 52.6 శాతం. అదే ఏడాది షికాగో కబ్స్ పిచ్చర్ జాన్ లెస్టర్ సగటు 3.32, దాదాపు రెట్టింపు. అతనికేమో 18 గెలుపులు, 6 ఓటములు. 75 శాతం! తేడా ఎక్కడుంది? ఆ సీజన్‌లో కబ్స్ 95 మ్యాచ్‌లు గెలిచింది, మెట్స్ 77. అయితే ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు దగ్గర ఓటర్లు ఈ శాతానికి పడిపోలేదు. 30 మందిలో 29 మంది డిగ్రోమ్‌కే మొదటి ఓటు వేశారు.

మనం మాత్రం ఇంకా పడిపోతూనే ఉన్నాం. 2025 ఇంగ్లండ్ టూర్‌లో బుమ్రా మూడు టెస్టులు ఆడాడు. రెండు ఓడాం, ఒకటి డ్రా. అతను లేని రెండూ గెలిచాం. ఇంకేం, "బుమ్రా లేకపోతేనే నయం" అని ఒకటే గోల. లీడ్స్‌లో అతను మొదటి ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. అక్కడ మన బ్యాటింగేమో 430కి 3 నుంచి 471కి ఆలౌట్. దానికి బుమ్రా ఏం చేస్తాడు?

మన హైదరాబాదీ సిరాజ్ సంగతి ఇంకా చిత్రం. ఆఖరి టెస్టు, ఓవల్. బ్రూక్ 19 దగ్గర ఉండగా క్యాచ్ పట్టి బౌండరీ తొక్కాడు. బ్రూక్ 111 కొట్టాడు. మర్నాడు అదే సిరాజ్ ఇంగ్లండ్ ఆఖరి 4 వికెట్లలో 3 తీశాడు. 6 పరుగులతో గెలిచాం, హీరో అయ్యాడు. ఇంగ్లండ్ ఇంకో 7 పరుగులు చేసుంటే? ఆ బౌలింగ్ అలాగే ఉండేది, మన నోళ్లే మారిపోయేవి.

ఆట వరకైతే నవ్వుకుని వదిలేద్దుం. కానీ ఈ లెక్క ఇళ్లలోకీ వస్తోంది. కొత్త కోడలు అడుగుపెట్టిన ఏడాది మిర్చి రేటు పడిపోతే, "ఏ వేళావిశేషమో" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. రేటు పెంచడానికీ దించడానికీ ఆ పిల్లకేం సంబంధం? పదిమంది మీద, వాన మీద, మార్కెట్ మీద ఆధారపడిన ఫలితాన్ని ఒక్క మనిషి నెత్తిన రుద్దడం నాకు అస్సలు మింగుడు పడదు.

ఈసారి టీమ్ ఎంచేటప్పుడు ఫోన్లో స్కోరింగ్ యాప్ తెరిచి, మీ ఐరన్ లెగ్ పేరు నొక్కండి. ఎన్ని ఓవర్లు వేశాడు, ఎన్ని పరుగులిచ్చాడు, ఎన్ని వికెట్లు తీశాడు చూడండి. అతని బౌలింగ్‌లో ఎన్ని క్యాచ్‌లు వదిలేశారో యాప్ చెప్పకపోవచ్చు. అది మీకే తెలుసు.