దేశం లేని రాయబారులు

అంతర్జాతీయ సంబంధాలు, దౌత్యం అనే విషయంలో విదేశాలకు పోయి ఎం.ఏ. చెయ్యాలనే కోరిక మన విద్యార్థుల్లో ఈమధ్య బాగా పెరిగింది. ఇదివరకు విదేశీ చదువంటే ఇంజనీరింగు, వైద్యం, కంప్యూటర్లు. ఇప్పుడు సాంఘిక శాస్త్రాలు చదివినవాళ్లు కూడా, అందులో మన సభలకు వచ్చి ముందు వరసలో కూర్చునేవాళ్లు కూడా, సిఫార్సు లేఖల కోసం నాబోటి కాలేజీ మాస్టర్ల దగ్గరికి వస్తున్నారు. లేఖలు రాసి ఇస్తూనే వున్నాను. అయితే ఆ చదువు గురించి వాళ్లకు చెప్పేవాళ్లు ఇద్దరే కనబడుతున్నారు: కమీషను మీద బతికే కన్సల్టెన్సీవాడు ఒకడు, "అది సామ్రాజ్యవాదుల విద్య, దాని జోలికి పోవద్దు" అని ఒక్క వాక్యంతో తేల్చేసే మన మిత్రుడు ఇంకొకడు. ఇద్దరూ విద్యార్థికి అన్యాయమే చేస్తున్నారని నా అభియోగం.

మొదట కన్సల్టెన్సీవాడి సంగతి. వాడి కరపత్రం మీద ఐక్యరాజ్యసమితి భవనం, దాని ముందు వరసగా జెండాలు వుంటాయి. ఈ చదువు చదివితే దౌత్యవేత్త కావచ్చునని దాని భావం. ఏ దేశపు దౌత్యవేత్త? అమెరికా విదేశాంగ సర్వీసులో చేరాలంటే అమెరికా పౌరుడై వుండాలి. బ్రిటిష్ దౌత్య సర్వీసుకు బ్రిటిష్ పౌరసత్వం వుండాలి. పోనీ స్వదేశమా అంటే, 1946లో ఏర్పడిన ఇండియన్ ఫారిన్ సర్వీసులోకి పోటీ పడేవాడికి దారి యు.పి.ఎస్.సి. పరీక్ష. దానికి ఏదో ఒక డిగ్రీ చాలు. అది అనంతపురంలో తెచ్చుకున్నా జెనీవాలో తెచ్చుకున్నా పరీక్ష ఒక్కటే. నెగ్గినవాళ్లకు దౌత్యం పని ప్రభుత్వమే జీతమిచ్చి నేర్పుతుంది. అంటే లక్షలు పోసి దౌత్యవిద్య నేర్చినవాడు, నేర్పిన దేశానికి రాయబారి కాలేడు. ఆ కాగితం చూపించి స్వదేశానికీ కాలేడు. 1949లో మాస్కోకు మన రాయబారిగా వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివిందీ, చెప్పిందీ తత్వశాస్త్రం.

ఇక ఐక్యరాజ్యసమితి. దాని సచివాలయంలో ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లకు జీతం లేదు. ప్రపంచంలో అద్దెలు మండిపోయే నగరాలైన న్యూయార్కులో, జెనీవాలో నెలల తరబడి సొంత ఖర్చు మీద వుండి పనిచెయ్యాలి. 2015లో న్యూజీలాండ్ యువకుడొకడు జెనీవా సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని, అక్కడినుంచి ఆ పనికి వెళ్లివస్తున్నాడని పత్రికలన్నీ రాశాయి. మానవహక్కుల పేరిట నడిచే కార్యాలయాల గడప ఇది! తండ్రి ఆరు నెలల అద్దె పంపగలిగినవాడు గడప దాటుతాడు, పంపలేనివాడు దాటడు. దీన్ని వర్గ ఎంపిక అనక ఇంకేమనాలి?

లండన్‌లో పేరున్న సంస్థలు ఏడాది చదువుకు విదేశీ విద్యార్థి దగ్గర పాతిక ముప్ఫై వేల పౌన్లు, అంతకు మించి కూడా తీసుకుంటాయి. పౌను వంద రూపాయలు దాటి వుంది. ఇంటి పత్రాలో పొలం పత్రాలో బ్యాంకులోకి పోతాయి. చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 2021లో రెండేళ్లు వ్యవధి ఇచ్చిన బ్రిటన్, 2027 జనవరి నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు దాన్ని పద్దెనిమిది నెలలకు కుదించాలని నిర్ణయించింది. పాఠాలు విని పట్టా పుచ్చుకునే మాస్టర్సు విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకుపోవడాన్ని 2024 జనవరి నుంచే నిలిపివేసింది. ఫీజు కావాలి, మనిషి అక్కర్లేదు. అంతర్జాతీయ సంబంధాలలో ఇదే మొదటి పాఠం. దీన్ని తరగతిలో చెప్పరు.

తరగతిలో చెప్పే కథ వేరే వుంది. మొదటి ప్రపంచ యుద్ధపు మారణహోమం చూసి చలించిన ఉదాత్తులు, ఇక యుద్ధాలు రాకూడదని, 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలోనే మొట్టమొదటి ఆచార్యపీఠం నెలకొల్పారట. అది నిజమే. డబ్బిచ్చినవాడు డేవిడ్ డేవిస్, తాత సంపాదించిన బొగ్గుగనుల ఆస్తికి వారసుడు. పీఠానికి పెట్టిన పేరు అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌ది. ఆ విల్సన్ ఆ ఏడాది ఏం చేశాడు? 1919 ఏప్రిల్ 11న పారిస్‌లో నానాజాతి సమితి నిబంధనావళిని తయారుచేసే సంఘానికి అధ్యక్షత వహిస్తున్నాడు. జాతుల మధ్య సమానత్వాన్ని పీఠికలో చేర్చాలని జపాను ప్రతిపాదించింది. పదిహేడు ఓట్లలో పదకొండు అనుకూలంగా వచ్చాయి. ఏకగ్రీవం కాదు గనుక చెల్లదని అధ్యక్షుడు తోసిపుచ్చాడు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 13న, అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్. ఈ రెండు తేదీలను ఒకే పేజీలో పెట్టిన పాఠ్యపుస్తకం నేనింకా చూడలేదు.

ఇంకా వెనక్కి పోదాం. దౌత్యం చదివేవాళ్లు భక్తిగా తిరగేసే 'ఫారిన్ అఫైర్స్' పత్రిక 1922లో మొదలైంది. అందులో కలిసిపోయిన పత్రిక ఒకటుంది. అది 1910లో అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో పుట్టినప్పుడు దాని పేరు 'జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్'. అంటే వెనకబడ్డ జాతులను ఎలా పరిపాలించాలి, ఎలా 'అభివృద్ధి' చెయ్యాలి అన్నదే విషయం. 1919లో పేరు మార్చుకుని అంతర్జాతీయ సంబంధాల పత్రిక అయింది. బోర్డు మారింది, దుకాణం అదే.

ఆ దుకాణంలో సరుకు కల్తీ అని ముందే చెప్పినవాళ్లు లేకపోలేదు. 1915లో, లెనిన్ సామ్రాజ్యవాదం మీద రాసిన గ్రంథం అచ్చు కావడానికి రెండేళ్ల ముందు, అమెరికన్ నల్లజాతి మేధావి డుబాయిస్, ఐరోపా యుద్ధానికి వేళ్లు ఆఫ్రికా పంపకంలో వున్నాయని వ్యాసం రాశాడు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ లాక్, రాల్ఫ్ బంచ్, మెర్జ్ టేట్ వంటి నల్లజాతి అధ్యాపకులు ఇదే శాస్త్రాన్ని తలకిందులు చేసి చదివారు. ఆక్స్‌ఫర్డ్‌లో 1935లో పట్టా పుచ్చుకున్న మెర్జ్ టేట్, 1950లో మన శాంతినికేతనానికి వచ్చి పాఠాలు చెప్పింది. విల్సన్ పేరు వినని విద్యార్థి లేడు. టేట్ పేరు విన్నవాడు నాకు తారసపడలేదు.

ఇంతవరకు చదివి మన మిత్రుడు చంకలు గుద్దుకుంటాడు: "నేను ముందే చెప్పాను గదా, పోవద్దని!" అంత తొందర పనికిరాదు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన డబ్బుతో కొలంబియాకు పోయిన అంబేడ్కర్‌ను పోవద్దని ఎవరనగలరు? ఆయన 1923లో అచ్చువేసిన రూపాయి సమస్య గ్రంథం, పాలకుల కరెన్సీ విధానాన్ని పాలకుల రాజధానిలోనే కూర్చుని తప్పుపట్టింది. కేరళలో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ లండన్‌లో లాస్కీ దగ్గర చదివి వచ్చి 1949లో విదేశాంగ సర్వీసులో చేరారు. శత్రువు ఆయుధశాలలో ఏముందో చూడకుండానే అది పనికిమాలినదని తీర్మానించడం మార్క్సిజం కాదు, మడి కట్టుకోవడం. ఏ దేశానికి పోతున్నావన్న దానికంటే ఏ ప్రశ్న పట్టుకుని పోతున్నావన్నది నాకు ముఖ్యం.

ప్రశ్న అంటే ఎలాంటిదో చెబుతాను. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. గెలిచింది. అమెరికా వాయిదాలు వేసింది. బ్రెజిల్ వదలకుండా, అమెరికన్ పేటెంట్లను కూడా పక్కన పెట్టగలిగేలా ప్రతిచర్యకు అనుమతి సంపాదించింది. అప్పుడుగాని అమెరికా దిగిరాలేదు. 2010లో ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది. 2014లో మరో 30 కోట్లిచ్చి రాజీపడింది. సబ్సిడీల బాధ తీరిపోయిందని నేననను. బ్రెజిల్ పాలకులు విప్లవకారులూ కారు. కాని ఒప్పందంలో ప్రతి కామా ఎక్కడుందో తెలిసిన మనుషులు వాళ్లకు వున్నారు. దౌత్యవేత్తలను తయారుచేసే రియో బ్రాంకో సంస్థను ఆ దేశం 1945లోనే సొంతంగా పెట్టుకుంది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయినప్పుడు మన రచయితలు కవితలు, కథలు రాశారు. రాయవలసిందే. మరి ఎనుమాముల మార్కెట్లో పలికే ధరకు జెనీవాలో కూర్చుని రాసే వాక్యాలకు వున్న లంకె విప్పి చెప్పగలిగేవాళ్లు ఎందరున్నారు?

అలాంటివాళ్లు పుట్టకుండా మన ప్రభుత్వమే కట్టడి చేస్తున్నది. దళితుల, సంచార జాతుల, భూమిలేని వ్యవసాయ కూలీల, చేతివృత్తులవారి పిల్లలకు కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ విద్యా స్కాలర్‌షిప్పు నిబంధనలను 2022 ఫిబ్రవరిలో మార్చారు. భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఆ డబ్బు ఇవ్వరట. వాటికి కావలసిన పండితులు దేశంలోనే వున్నారని అధికారులు సమాధానం చెప్పారు. అదే నిజమైతే, తండ్రి డబ్బుతో పోయే కామందు కొడుకుకు ఆ అడ్డు ఎందుకు లేదు? అతడు లండన్‌లో కూర్చుని భారత సమాజం మీద ఏమైనా రాయవచ్చు. కూలివాడి కూతురు మాత్రం ప్రజల డబ్బుతో ప్రపంచాన్ని చదవవచ్చుగాని, తన పల్లెను ప్రపంచానికి చూపరాదు. ఈ నిబంధన వెనుక వున్న భయమేమిటో పాఠకులకు నేను విప్పి చెప్పనక్కర్లేదు.

1955లో ఢిల్లీలో సప్రూ హౌస్‌లో అంతర్జాతీయ అధ్యయనాల సంస్థను పెట్టుకున్న దేశం మనది. బాండుంగ్ సభ జరిగిన ఏడాదే అది. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. మన తెలుగు జిల్లాల కాలేజీల్లో ఈ విషయం రాజనీతి శాస్త్రం ఎం.ఏ.లో ఒక పేపరుగా, పరీక్షకు ముందు నోట్సు బట్టీపట్టే సరుకుగా మిగిలింది. ధాన్యాన్ని ప్రభుత్వం మద్దతు ధరకు కొని నిలవ చేసే హక్కుకు ప్రపంచ వాణిజ్య సంస్థలో 2013లో బాలీ సభ ఇచ్చింది తాత్కాలిక రక్షణ మాత్రమే. శాశ్వత పరిష్కారం 2017 నాటికి కావాలన్నారు. 2024 అబూ ధాబీ సభలోనూ తేలలేదు. ఆ బల్ల దగ్గర మన తరఫున కూర్చునేవాడికి, కొనుగోలు కేంద్రం ముందు తడిసిన వడ్లకు కాపలా పడుకున్న రైతు ఎవరో తెలిసి వుండాలి. ఆ చదువు ఇక్కడ, తెలుగులో, పూర్తి కోర్సుగా, ఖాళీగా వున్న అధ్యాపక పదవులు నింపి చెప్పాలని విద్యార్థి సంఘాలు, అధ్యాపక సంఘాలు కలిసి విశ్వవిద్యాలయాలను అడగాలి. స్కాలర్‌షిప్పు నిబంధన రద్దు కోరుతూ చేసే తీర్మానం కూడా ఆ మహజరులోనే వుండాలి.