రౌతు మెత్తనైతే...



"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అన్న సామెతను 35 ఏళ్ళ ఉపాధ్యాయ జీవితంలో ఎన్నిసార్లు వాడి ఉంటానో లెక్క లేదు. తరగతిలో అల్లరి హెచ్చినప్పుడల్లా ముందు సామెత, దాని వెనుకనే బెత్తము బయటికి వచ్చేవి. ఈ మధ్య ఆ సామెతను నేను మళ్ళీ విచారించుకోవలసి వచ్చింది. అందుకు కారణం ఒక గుర్రం.

విశాఖలో రామకృష్ణా బీచి దగ్గర పిల్లలను ఎక్కించుకొని తిరిగే గుర్రాలను చూడనివారుండరు. నా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదులో లేత గుర్రాలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాడు. సెలవుకు వచ్చి నన్ను చూడవచ్చినప్పుడు, సాయంకాలం ఇద్దరమూ బీచి గట్టు మీద కూర్చున్నాము. మా ఎదుటనే ఒక గుర్రాన్ని పగ్గం గుంజి ఆపారు. అది తల పైకెత్తి ఆగిపోయింది. "చెప్పినట్టు వింటుందే!" అన్నాను. "ఆగింది గానీ నిలబడలేదు మాస్టారూ. ఆ వెనక కాలు చూడండి" అన్నాడు. నిజమే, ఒక కాలు వెనుకనే ఉండిపోయింది. బరువంతా తక్కిన మూడింటి మీదే ఉంది.

డ్రెస్సాజ్ అనే అశ్వవిద్యను గురించి మన పత్రికలు 2023లో రాశాయి. ఆ సెప్టెంబరు 26న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ విపుల్ ఛేడా, అనుష్ అగర్వాలా జట్టుగా స్వర్ణం గెలిచారు. 1982 ఢిల్లీ క్రీడల తరువాత అశ్వక్రీడలలో మనకు వచ్చిన స్వర్ణం అదే. మరుసటి సంవత్సరం అనుష్ పారిస్ ఒలింపిక్సుకూ వెళ్ళాడు. ఆ విద్యకు రంగం 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల ఆవరణ. సాధారణంగా రౌతు నడిమి గీత వెంట వచ్చి, ఏ గుర్తూ లేని మధ్యబిందువు దగ్గర గుర్రాన్ని ఆపి, న్యాయనిర్ణేతకు వందనం చేస్తాడు. ఆ క్షణాన నాలుగు కాళ్ళూ దీర్ఘచతురస్రపు నాలుగు మూలల వలె ఉండాలి. బరువు నాలుగింటి మీదా సమంగా పడాలి. గుర్రం కదలరాదు, పరధ్యానంగానూ ఉండరాదు. ఆ నిలకడకూ మార్కులుంటాయి.

అమరసింహుడు క్షత్రియవర్గంలో గుర్రపు గతులకు అయిదు పేర్లు చెప్పి, వాటిని ధారలన్నాడు. ఆ వరుసలో నిలకడకు పేరు లేదు. నాట్యశాస్త్రం మాత్రం నిలబడే తీరులను కూడా విద్యగానే లెక్కించి, ఆరు స్థానాలలో ఒకదానికి సమపాదమని పేరు పెట్టింది. మన కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని నృత్తరత్నావళి రాసినవాడు కూడా. ఏనుగులను నడిపినవాడు నాట్యశాస్త్రం రాయడంలో వింతేమీ లేదని ఇప్పుడు తోస్తున్నది.

"మరి సమపాదం ఎలా నేర్పుతావోయ్?" అని అడిగాను. అతడు చెప్పిన క్రమం ఇది. లేత గుర్రానికి మొదట నడక నుండి మాత్రమే ఆగడం నేర్పాలి, పరుగు నుండి కాదు. కంచె వెంబడి నడిపిస్తే పక్కకు ఒరగదు. ఆపవలసిన చోటుకు కొంచెం ముందుగానే రౌతు నిటారుగా కూర్చొని, పిక్కలతో గుర్రాన్ని ముందుకే అడుగుతాడు. చేతులను వెనక్కి లాగడు, మెత్తగా మూసి ఉంచుతాడు. అప్పుడు వెనక కాళ్ళు పొట్ట కిందికి వచ్చి బరువు అందుకుంటాయి. ఆగిన వెంటనే వేళ్ళు సడలించాలి. గుర్రానికి ఆ సడలింపే బహుమానం. పగ్గం గుంజితే నోరు నొచ్చి, తల ఎత్తి, వీపు కుంగదీస్తుంది. వెనక కాలు వెనుకనే ఉండిపోతుంది.

అలా ఉండిపోయిన కాలి కోసం గుర్రాన్ని వెనక్కి నెట్టరాదట. ఆ పక్క పిక్కతో తాకి, ఆ కాలినే ముందుకు పిలవాలి. లేదా రెండడుగులు నడిపించి మళ్ళీ అడగాలి. రౌతు వంగి చూసుకోరాదు. వంగితే అతని బరువు మారి గుర్రమూ కదులుతుంది. కాలు ఎక్కడున్నదో కింద నిలబడినవారే చెప్పాలి. మొదట్లో రెండు క్షణాలు నిలిస్తే చాలు, విసుగు పుట్టకముందే నడిపించాలి.

వింటూ ఉంటే నా తరగతిగది కళ్ళ ముందు కదిలింది. "నిన్ను కూడా బెంచీ ఎక్కించాను కదూ?" అన్నాను. నవ్వాడు. "ఉత్పలమాల గణాలు అప్పగించలేదని మాస్టారూ. గంట కొట్టేదాకా ఒక కాలి మీది నుండి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాను. ఆ గణాలు ఇప్పటికీ రావండి." అతని మాటలో నిష్ఠురం లేదు. అందువల్లనే నాకు మరింత బాధ కలిగింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పోయినా నిలబెట్టే అలవాటు పూర్తిగా పోలేదని ఇప్పటి ఉపాధ్యాయులతో మాట్లాడితే తెలుస్తుంది. యాభై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు, ముంచుకొచ్చే పరీక్షలు ఉండగా ఓపిక ఎక్కడిదని వారడుగుతారు. నేనూ ఆ ప్రశ్న అడిగినవాణ్ణే. నా జవాబు ఒక్కటే: భయంతో తరగతి త్వరగా ఆగుతుంది. ఆగిన తరువాత మనం చెప్పేది పిల్లవాడికి అందదు. ఆ పాఠం మళ్ళీ చెప్పవలసిందే.

అలాగని శిక్షకుడు మూడు కాళ్ళ నిలకడను ఒప్పుకోడు. మళ్ళీ అడుగుతాడు, నూరుసార్లయినా అడుగుతాడు. సామెత దెప్పింది అడగడం మానివేసిన రౌతును. చేయి మెత్తనైన రౌతును కూడా అందులో చేర్చి తిట్టింది నావంటివారమే. నలుడెరిగిన విద్యకు పెద్దలు అశ్వహృదయమని పేరు పెట్టారు. ఆ కథను పాఠంగా ఎన్నో ఏళ్ళు చెప్పినవాణ్ణి, ఆ పేరు దగ్గర ఒక్కసారైనా ఆగి ఆలోచించి ఉండవలసింది.

మొన్న ఆ అబ్బాయి తిరుగు ప్రయాణమయ్యేముందు కాగితం మీద ఉత్పలమాల గురులఘువులు వేసి చూపించాను. కూర్చోబెట్టే చెప్పాను. పావుగంటలో వచ్చేసింది.

మీలో ఉపాధ్యాయులున్నారు, ఒకప్పుడు బెంచీ ఎక్కినవారూ ఉన్నారు. మీ అనుభవం ఏమంటుందో తెలుపగలరు.