భీమునిపట్టణమునకు పోవలెనా?

మా నల్లపాడు చుట్టును కన్నులకు కనుపించునంత మేర పత్తిచేలు, మిరపతోటలు. సముద్రము చూడగోరినచో మాకు బాపట్ల చెంత సూర్యలంక కలదు. ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగి రావచ్చును. అట్లుండగా, రాత్రియంతయు రైలులో కూర్చుండి విశాఖపట్టణము చేరి, మరల సుమారు 25 కిలోమీటర్లు పోయి భీమునిపట్టణము చూచుట యెందులకని మా పెదనాన్నగారి ప్రశ్న. ఎచటనైనను నీరు నీరే కదా యని వారి వాదము. మిరపకాయ లమ్మిన సొమ్ము విలువ యెరిగినవారి మాట; త్రోసిపుచ్చదగినది కాదు.

అయినను పోవలెననియే నా యభిప్రాయము. సూర్యలంకలో నేల చదునుగా సాగి నీటిలో కలియును. భీమిలిలోనో, కొండయే కడలి యొడ్డునకు వచ్చి నిలిచినది. ఆ పావురాలకొండ నెక్కి చూచినచో బంగాళాఖాతమును, దానిలో కలియు గోస్తనీనదియు కనుపించును. సుమారు 2000 సంవత్సరముల క్రిందట అచట వసించిన బౌద్ధభిక్షువులు వాననీటికై రాతిలో తొలిచిన తొట్లు నేటికిని ఉన్నవి. ఎదుట అంతులేని నీరు. త్రాగుటకు చుక్క లేదు! చెరువెండిన యేట మిరపనారును కాపాడుకొన్న మనకు వారి పాట్లు వేరుగ చెప్పనక్కరలేదు. క్రింద ఊరిలో డచ్చి వర్తకుల సమాధులు కలవు. 1861లోనే అచట పురపాలక సంఘ మేర్పడినది.

త్రోవలోని ఎర్రమట్టిదిబ్బల విషయమున మాత్రము నాకు సంకోచము కలదు. వేలయేండ్లు గాలి పోగుచేయగా, ఇనుము తుప్పుచే ఎర్రబారిన ఇసుక యది. జారుడుబండవలె పిల్లలు జారినచో అంచులు విరిగిపడును. దూరమునుండి చూచుటకు సమ్మతించువారినే నేను వెంట తీసికొనిపోవుదును.

పెదనాన్నగారు తుదకు ప్రయాణమున కొప్పుకొనిరి. కొండ యెక్కుట మాత్రము తమవలన కాదనిరి.