ఓనరు నంబరు లేనివాళ్ళ జాబ్ కార్డు

మా వైపు షోరూంలో బండి సర్వీసింగ్‌కి ఇస్తే సర్వీస్ అడ్వైజర్ మొదట మీటర్ చూస్తాడు. తర్వాత ఆర్‌సీ తీసుకుని అడ్రసు చదువుతాడు. అందులో అంబేద్కర్ నగర్ అనో ఎస్సీ కాలనీ అనో ఉంటే ఇక ఇంటిపేరు అడగాల్సిన పనుండదు. తెనాలైనా బాపట్లైనా రేపల్లైనా ఇదే తంతు. మర్యాదకేం లోటుండదు, సార్ అనే పిలుస్తాడు. కానీ వాళ్ళు మన బండిలో తప్పు చేసి దొరికిన రోజున, ఆ చదివిన అడ్రసు పనిచేయడం మొదలుపెడుతుంది.

"చుండూరు పక్కన ఉండి కార్ల సర్వీసింగ్ మీద రాస్తారా మాస్టారూ" అని ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. చుండూరు ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకోండి. 1991 జులై 4న, సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటులో ఉన్న ఆధిపత్య కులం యువకుడికి తగిలింది. ఈ కుర్రాడు కూడా డబ్బులిచ్చి టికెట్ కొనుక్కునే కూర్చున్నాడు. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, ఎనిమిది మందిని నరికి చంపారు. డబ్బు పెట్టి కొన్న కుర్చీలో కూడా మనం అందరిలా కూర్చోవడానికి వీల్లేదన్నదే అక్కడి గొడవ.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1901లో చిన్నపిల్లాడైన బాబాసాహెబ్ అన్నతో, అక్క కొడుకులతో కలిసి తండ్రి దగ్గరికి బయలుదేరి మసూర్ స్టేషన్‌లో దిగాడు. మహర్ పిల్లలని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకి ఒప్పుకున్నాడు. షరతేమిటంటే బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడిచి వస్తాడు. రెట్టింపు డబ్బిచ్చి, పని కూడా తామే చేసుకుని, పైగా అవమానం మోశారు. వినియోగదారుల చట్టం భాషలో దీన్ని సేవాలోపం అంటారు. ఆ పిల్లాడు పెద్దయ్యాక, 1948 నవంబరు 29న, రాజ్యాంగ సభలో ఇప్పటి 15వ అధికరణం మీద చర్చ జరుగుతుంటే ఒక సభ్యుడు 'దుకాణం' అంటే ఏమిటని అడిగాడు. డబ్బు తీసుకుని సేవ చేస్తానని కూర్చున్న ప్రతివాడూ అందులోకి వస్తాడని ఆయన జవాబు చెప్పాడు. మసూర్ బండివాడు ఆయనకి గుర్తున్నాడనే నేను అనుకుంటాను. సర్వీస్ సెంటర్ కూడా ఆ దుకాణమే.

ఇక నా సంగతి. తెనాలిలో ఒక షోరూంలో కారు సర్వీసింగ్ చేయించి, మర్నాడు బాపట్ల బయలుదేరాను. పొన్నూరు దాటాక ఆయిల్ గుర్తు ఎర్రగా వెలిగింది. వెంటనే పక్కకి ఆపి, కింద చూస్తే రోడ్డు మీద నల్లటి చార. చాంబర్‌కి డ్రెయిన్ బోల్టు లేదు. పాత ఆయిల్ తీసి కొత్తది పోసినవాళ్ళు బోల్టు బిగించకుండా వదిలేశారు, అది దారిలో ఊడిపోయింది. లాగించే ముందు ఫోన్‌లో ఏడు ఫొటోలు తీశాను: బోల్టు లేని రంధ్రం, సొట్ట లేని చాంబర్, మీటర్ మీద కిలోమీటర్లు, రోడ్డు మీద చార.

షోరూంలో మొదటి మాట: "కింద రాయి తగిలి ఉంటుంది సార్. మన రోడ్లు తెలిసిందేగా."

"రాయి తగిలితే సొట్ట పడాలి కదండీ. ఇక్కడ బోల్టే లేదు."

"మీరు తెలుగు లెక్చరర్ అంట కదా సార్. ఇది మెకానికల్ విషయం."

ఎస్టిమేట్ 46,300 రూపాయలు. ఒప్పుకుంటే పని మొదలుపెడతారు, లేకపోతే బండి అక్కడే ఉంటుంది, పార్కింగ్ చార్జీ రోజుకింత.

అదే సోఫాలో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆయన కారుకి సర్వీసింగ్ తర్వాత ఏసీ పనిచేయడం మానేసిందట. ఆయన ఎవరితోనూ వాదించలేదు. జేబులోంచి ఫోన్ తీసి, "ఏమయ్యా, మీవాళ్ళు నా ఏసీ పాడుచేశారు, కాస్త చూడమను" అన్నారు. పది నిమిషాల్లో మేనేజర్ వచ్చాడు, టీ వచ్చింది, ఆయన ఇంటికి వెళ్ళడానికి ఇంకో కారు వచ్చింది. టీ నాకూ ఇప్పించారు, మంచి మనిషే. ఆయనది బలుపు కాదు, అలవాటు. ఆయన ఫోన్‌లో ఓనరు నంబరు ఉంది. ఓనరుకి ఆయన వియ్యంకుడి వైపు చుట్టమో, ఒకే రైస్ మిల్లులో భాగస్వామో అయి ఉంటాడు. మన వాడల్లో ఎంతమంది ఫోన్లలో ఒక షోరూం ఓనరు నంబరు ఉంటుంది?

ఈ లేనితనాన్ని మనోళ్ళు రెండు రకాలుగా పూడ్చుకుంటున్నారు. ఒకటి, గట్టిగా అరవడం. అరిచిన క్షణంలో బోల్టు సంగతి పక్కకి పోయి మన నోరే తప్పవుతుంది. రెండోది, ఎమ్మెల్యే మనిషిని పట్టుకోవడం. పని జరగొచ్చు, కానీ ఆ రుణం ఎన్నికలప్పుడు తీర్చమంటారు. ఒక బోల్టుకి అంత రేటా?

నేను కూర్చుని ఫిర్యాదు రాశాను, తెలుగులో. సర్వీసింగ్ తేదీ, జాబ్ కార్డు నంబరు, కట్టిన మొత్తం, ఆగిన చోటు, ఫొటోలు, నాకేం కావాలి. సాహిత్యం మీద మూడు వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసినవాణ్ణి, ఈ ఒకటిన్నర పేజీకి మూడు గంటలు పట్టింది. ఎక్కువ సమయం విశేషణాలు కొట్టేయడానికే పోయింది. 'దారుణమైన నిర్లక్ష్యం' తీసేసి 'బోల్టు బిగించలేదు' అని ఉంచాను. మేనేజర్ ఇంగ్లీషులో రాసిమ్మన్నాడు. ఇదే తీసుకుని ముద్ర వేసి ఇవ్వండి, మీరే అనువదించుకోండి అన్నాను. కాపీ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ చేసి, 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేశాను. 34 రోజులకి పైసా తీసుకోకుండా బాగుచేసి ఇచ్చారు. డెలివరీ కాగితం మీద 'పూర్తి సంతృప్తితో తీసుకున్నాను' అని ముందే అచ్చు వేసి ఉంది. దాన్ని కొట్టేసి, 'బండి అందింది, నష్టం విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది' అని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యానికి వాళ్ళు పడిన కంగారు చూస్తే, ఆ అచ్చు వాక్యం ఎందుకుందో అర్థమైంది.

నన్ను 34 రోజులు తిప్పింది కులం చూసేనా? నాకు తెలుసు. నిరూపించగలనా అంటే లేను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. మన ఉద్యమ మిత్రుల్లో చాలామందికి ప్రతి అవమానాన్నీ అట్రాసిటీ కేసు చేయాలన్న తొందర ఉంది. కౌంటర్లో కులం పేరుతో తిడితే, నలుగురూ విని ఉంటే, తప్పకుండా పెట్టాలి. తిట్టనివాడి సంగతేమిటి? సార్ అంటూనే తిప్పేవాడి మనసులో ఏముందో కోర్టులో ఎట్లా చూపిస్తాం? 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, అవమానం కులం కారణంగానే జరగాలి, నలుగురి కళ్ళెదుట జరగాలి అని మళ్ళీ గీత గీసింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఆ బరువు లేదు. వాళ్ళు ఏమనుకున్నారో చెప్పనక్కర్లేదు. డబ్బు తీసుకున్నారు, పని సరిగా చేయలేదు, నష్టం జరిగింది. ఈ మూడూ చూపిస్తే చాలు. దీనికి మూల్యం కూడా ఉంది: వచ్చే తీర్పులో కులం అన్న మాటే ఉండదు, మనకి జరిగినదానికి సగం పేరే దక్కుతుంది. ఆ సగం నాకూ కష్టంగానే ఉంది. అయినా బండి ఇంటికి రావాలి కదా.

నాది జీతగాడి సమస్య, బస్సెక్కి కాలేజీకి పోయాను. రేపల్లెలో మా అక్క మొగుడు, బావ, సరుకుల ఆటో తోలతాడు. ఫైనాన్స్ మీద తీసుకున్నది. సర్వీసింగ్‌లో గేర్ ఆయిల్ తీసేసి కొత్తది పోయలేదు. మూడో రోజు బస్తాల లోడుతో భట్టిప్రోలు దగ్గర గేర్‌బాక్స్ పట్టేసింది. ఓవర్‌లోడ్ వేశావన్నారు. 23 రోజులు బండి షెడ్డులో ఉంది, రెండు కిస్తీలు తప్పాయి, ఫైనాన్సోళ్ళు ఇంటికొచ్చి అక్కని అడిగిపోయారు. చివరికి అప్పు చేసి గేర్‌బాక్స్ డబ్బు తనే కట్టి బండి తెచ్చుకున్నాడు.

"మనకెందుకు బావా వాళ్ళతో గొడవ" అన్నాడు. "రేపు మళ్ళీ సర్వీసింగ్‌కి ఆడికేగా పోవాల."

జాబ్ కార్డు ఇచ్చారా అంటే, అదేంది అన్నాడు. అడిగితే "నువ్వు చదివేదేముంది" అన్నారట. గుర్తుపెట్టుకోండి, డబ్బు తీసుకుని బిల్లు ఇవ్వకపోవడమే 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. వేరే తప్పేమీ జరగకపోయినా అదొక్కటే ఫిర్యాదుకి చాలు. తన దగ్గర కాగితమే లేదని బావ దిగులు. ఫోన్ తీసి చూస్తే సర్వీసింగ్ రోజున ఫోన్‌పేలో కట్టిన డబ్బు ఉంది. 'మీ వాహనం సిద్ధంగా ఉంది' అని షోరూం పంపిన మెసేజ్ ఉంది. ఆటో ఆగిన రోజు భట్టిప్రోలు నుంచి వాళ్ళకి చేసిన నాలుగు కాల్స్ ఉన్నాయి. ఇవన్నీ సాక్ష్యాలే.

ఆటో వ్యాపారానికి కదా, వినియోగదారుడు ఎట్లా అవుతాడని షోరూంవాళ్ళ లాయర్లు అంటారు. ఈ మాట విని వెనక్కి తగ్గినవాళ్ళు చాలామంది. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్నది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, బతకడానికి ఆటో కొనుక్కుని తనే తోలుకునే మనిషి. ఆ తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. మండల్ కేసులో మెజారిటీ తీర్పు రాసింది కూడా ఆయనే. ఆ తీర్పు మన విద్యార్థులందరికీ తెలుసు, ఈ ఆటో తీర్పు ఎవరికీ తెలియదు.

మిగతా సంగతులు గబగబా చెప్తాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండేచోటో పనిచేసేచోటో కేసు వేయొచ్చు, షోరూం ఉన్న ఊరికే పోనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. నష్టం జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. 1915 వాళ్ళు మాట్లాడిపెడతారు తప్ప ఆదేశాలివ్వలేరు, అక్కడితో ఆగిపోవద్దు. కంపెనీకి మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి. 2021లో టాటా మోటార్స్ కేసులో డీలరు పాత మోడల్ కారు అంటగట్టాడని తేలినా, ఆ సంగతి కంపెనీకి తెలుసన్న ఆధారం లేదని సుప్రీంకోర్టు కంపెనీని వదిలేసింది. బయటి మెకానిక్ ముట్టుకుంటే వారంటీ పోయినట్టే అని బెదిరిస్తారు చూడండి, అట్లా గుండుగుత్తగా వారంటీ రద్దు చేసే షరతు పెట్టొద్దని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే 14 కార్ల కంపెనీలకి చెప్పి, సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి పోయాయనుకోండి. మన వాడల్లో మెకానిక్ షెడ్లు పెట్టుకుని బతికే కుర్రాళ్ళు ఈ ఆర్డరు సంగతి తెలుసుకోవాలి.

పోలీస్ స్టేషన్‌కి పోదామనేవాళ్ళకి హైదరాబాద్ కథ ఒకటుంది. 2009 సెప్టెంబరు 25న జీవీఆర్ అనే కంపెనీ బీఎండబ్ల్యూ కారు కొంది. నాలుగు రోజులకే అది మొరాయించింది. నవంబరు 13న మళ్ళీ. 16వ తేదీకల్లా 420 కింద ఎఫ్ఐఆర్. మూడు రోజులు! కారు కోసం! మనిషి దెబ్బలు తిని స్టేషన్ మెట్ల మీద కూర్చున్నా ఎఫ్ఐఆర్ కోసం మనం ఎన్ని రోజులు ధర్నా చేస్తామో మీకు చెప్పక్కర్లేదు. 2012లో హైకోర్టు క్రిమినల్ కేసు కొట్టేసి కొత్త కారు ఇమ్మంది. చివరికి 2024 జులై 10న సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించి ముగించింది. అంత పలుకుబడి ఉన్నవాళ్ళకే ఆ దారిలో పదిహేనేళ్ళు పట్టింది.

బావ ఫిర్యాదు నా టేబుల్ మీద ఉంది, నాలుగు పేజీలు. గేర్‌బాక్స్ ఖర్చు, 23 రోజుల కూలి, తప్పిన కిస్తీల మీద ఫైనాన్సోళ్ళు వేసిన పెనాల్టీ, మూడూ విడివిడిగా లెక్క వేశాం. రెండేళ్ళ గడువులో ఇంకా ఐదు నెలలుంది. అక్క సంతకం పెట్టమంటోంది, బావ ఇంకా మళ్ళీ ఆడికే పోవాలిగా అంటున్నాడు. వచ్చే ఆదివారం పొద్దున రేపల్లెలో వాళ్ళింట్లో కూర్చుంటున్నాం. ఇట్లాంటి కాగితాలున్న ఆటో డ్రైవర్లు ఇంకో ముగ్గురు వస్తున్నారు. బాపట్ల, తెనాలి వైపు లా చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎవరైనా రాగలిగితే కామెంట్లో చెప్పండి. ఫోన్ చార్జర్ తెచ్చుకోండి, పాత మెసేజ్‌లు వెతకడానికే చాలాసేపు పడుతుంది.

జై భీమ్.