ఒకే అంగడి కాఫీ

బెంగళూరులో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు ఇండ్లలో పండుగ భోజనానంతరము తరచు పుట్టు వివాదమొకటి ఉన్నది. ఇక జీవితాంతము ఒక్క అంగడి కాఫీ పొడినే వాడవలెనన్నచో ఎవరి పొడిని కోరుకొందురు? ఒకరు మల్లేశ్వరము అందురు, మరియొకరు గాంధీబజారు అందురు. తుదకు ఏ పిన్నవాడో “ఒకదానికే కట్టుబడుట యెందుకు? నెలకొక రకము రుచి చూడరాదా?” అనును. అందరును నవ్వి లేతురు. మేము మాత్రము ఆ నవ్వులో పాలుపంచుకొనజాలము. ఒక్కదానినే ఎంచుకొనవలెను, ఎంచుకొనిన పిదప విడువరాదు అనియే మా వాదము.

కాఫీ పొడి ఏడాది నిలువయుండుటకు ఊరగాయ కాదు. గింజ వేగిన నాటి నుండియే దాని పరిమళము తరుగుచుండును. మర పట్టిన పిమ్మట ఆ తరుగుదల మరింత త్వరితము. వారము పదిదినములకొకసారి పావుకిలో పట్టించి తెచ్చుకొను ఇల్లే మంచి కాఫీ త్రాగును. ఇక కూర్పు సంగతి. పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ ఏ ఎంత, చిక్కదనమునకు రోబస్టా కలుపవలెనా, చికోరీ నూటికి 15 పాళ్లా, 20 పాళ్లా? ఈ లెక్క ఒక్కనాట కుదురునది కాదు. మన ఫిల్టరు, మన పాలు, మన పెద్దల నాలుక, వీనికి సరిపడు కూర్పు దొరకుటకు నాలుగైదు నెలలు పట్టును. నెలకొక అంగడి మార్చువారు ప్రతి నెలయు ఓనమాలు దిద్దుచునే యుందురు.

చికోరీని మేము నిందింపము. ఆ వేరు పొడి డికాక్షనుకు నలుపును, చిక్కదనమును ఇచ్చును. కాని కాఫీ చికోరీ మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదనియు, పాళ్లను పొట్లముపై ముద్రింపవలెననియు మాత్రమే చట్టము చెప్పుచున్నది. అనగా నూటికి 49 పాళ్లు వేరు పొడి యున్నను అది చట్టసమ్మతమైన పొట్లమే! ఆ సన్నని అక్షరములను చదువువారెందరు? 2024లో రోబస్టా ధర ప్రపంచ విపణిలో అనేక దశాబ్దములుగా లేనంత పెరిగినది. అట్టి వేళ చవుకైన వేరుపై వర్తకునికి ప్రేమ పెరుగుట సహజము.

మేమును ఒకసారి మోసపోతిమి. ఇరువది యేండ్లు పొడి తెచ్చుకొనిన అంగడిలో తండ్రి స్థానమున కుమారుడు కూర్చుండెను. 15 పాళ్లు చెప్పిన చోట దాదాపు రెట్టింపు పడినదని మా యింటి పెద్దావిడ తొలి గుటకతోనే పసికట్టినది. మేము అంగడి మార్చలేదు, వెళ్లి అడిగితిమి. అతడు కొంత గొణిగెను, కొంత సిగ్గుపడెను. నాటి నుండి గింజను, చికోరీని మా యెదుటనే వేరువేరుగ తూచుచున్నాడు. ఒకనాడు వచ్చి పోవు కొనుగోలుదారు ఇట్లు అడిగియుండునా? అడిగినను అతడు వినియుండునా?

ఇటీవల మనవారిలో మరియొక వాదము వినవచ్చుచున్నది: తెలుగువారము కనుక అరకు కాఫీనే త్రాగవలెనట! అరకులోయ అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ మన్యమున గిరిజన రైతులు చెట్ల నీడను పెంచు ఆ గింజ మాకును గర్వకారణమే; చుట్టములు తెచ్చినపుడు ఆదరముతో త్రాగుదుము. కాని భాషాభిమానమును లోటాలో పోసి కొలుచుట మాకు సమ్మతము కాదు. దేశములో పండు కాఫీలో నూటికి సుమారు 70 పాళ్లు ఈ కర్ణాటకమునదే. కొడగు, చిక్కమగళూరు, హాసన జిల్లాల పంట. ఈ గడ్డ నీరు త్రాగి దాని గింజను పరాయిదనుట ఏమి న్యాయము? మన ఇండ్లలో తెలుగు నిలిచినది గింజ పుట్టిన ఊరు చూచి కాదు. అంగడివానితో కన్నడమున బేరమాడి, ఇంటికి వచ్చి “కాఫీ ఎట్లున్నదిరా?” అని తెలుగున అడిగిన తల్లులు దానిని నిలిపినారు.

అంగడివాని పక్షమున కూడ ఒక మాట. కాఫీ బోర్డు గుత్తసేకరణ విధానము 1996 నాటికి తొలగినది; తోటవారు తమ పంటను ఇష్టము వచ్చిన వారికి అమ్ముకొనవచ్చును. స్వేచ్ఛ వచ్చినది, దాని వెంట పెద్ద పెట్టుబడుల పోటీయు వచ్చినది. చిన్న మరవానికి ప్రకటనలు లేవు. నెలనెలా వచ్చు కొన్ని ఇండ్లే అతని మూలధనము. ఆ ఇండ్లు నేడిక్కడ, రేపక్కడ అని తిరిగినచో ఎన్ని గింజలు వేయింపవలెనో అతనికి తెలియదు. వేయించినది మిగులును, మిగిలినది చప్పబడును, చప్పనిది కొనినవారు మరల రారు. ఆ పిదప అతడు మర అమ్ముకొని ఆ గదిని సెల్‌ఫోను దుకాణమునకు అద్దెకిచ్చును. మా వీధిలో ఇట్టివి రెండు జరిగినవి.

ఏ అంగడిని ఎంచుకొనవలెనని అడుగుదురేమో. ఇంటి నుండి నడచి పోగలిగినంత దూరములో, గింజను మీ కన్నుల యెదుట మరలో పోయు అంగడిని. ఈ ఆదివారమే వెళ్లి పాళ్లు చెప్పి పావుకిలో పట్టించుడు. నచ్చనిచో వచ్చే వారము అతనికే చెప్పుడు.