గేటు దగ్గరే ఆగిపోతున్న నాణ్యత

హైదరాబాద్ శివార్లలోని గడ్డపోతారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడల్లో పేరున్న బల్క్‌డ్రగ్ కంపెనీ ఏదైనా సరే, రిసెప్షన్‌లో ముందు కంటపడేది అద్దాల బీరువా. లోపల షీల్డులు, జ్ఞాపికలు, పక్కన గోడ మీద ఐఎస్ఓ సర్టిఫికెట్లు. వీటిని చూసి పెదవి విరవడం తేలిక. కానీ ఈ ప్రాంతానికి నాణ్యతా పురస్కారాలతో ఉన్న బంధం నిన్నమొన్నటిది కాదు. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లకు పునాది పడింది పటాన్‌చెరు పక్కనున్న రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే.

జపాన్‌లో 1962లో కౌరు ఇషికావా ప్రోత్సాహంతో మొదలైన పద్ధతి అది. ఒకే షాపులో పనిచేసే ఆరు నుంచి పదిమంది కార్మికులు తమంతట తాము జట్టు కట్టి, వారానికో గంట కూర్చుని, తమ పనిలోని చిక్కును తామే విప్పుకోవాలి. బీహెచ్ఈఎల్ అధికారి ఎస్.ఆర్. ఉడ్పా చొరవతో 1980-81 ప్రాంతంలో అది రామచంద్రాపురం చేరింది. 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఏటా జరిగే దాని సదస్సుల్లో వేదికెక్కేది మేనేజర్లు కాదు. ఫిట్టర్లు, వెల్డర్లు, ఆపరేటర్లు తాము గీసిన చేపముల్లు పటాలు చూపించి, లోపం ఎక్కడ పుట్టిందో, ఎలా సరిచేశారో చెప్పి బహుమతి అందుకుంటారు. నా దృష్టిలో మన దేశంలో నాణ్యతా పురస్కారానికి అంతకంటే మంచి రూపం మరొకటి లేదు.

పెద్ద పురస్కారాల దారి వేరు. అమెరికన్ గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకమయ్యాయి. దాని మీద వచ్చిన రాయల్టీని ఆయన అక్కడే వదిలేస్తే, ఆ సొమ్ముతో 1951లో డెమింగ్ ప్రైజు పెట్టారు. అమెరికా 1987లో బాల్డ్రిజ్ అవార్డు తెచ్చింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో రాజీవ్‌గాంధీ జాతీయ నాణ్యతా పురస్కారాన్ని, పరిశ్రమల సమాఖ్య సీఐఐ 1994లో ఎగ్జిమ్ బ్యాంకుతో కలిసి మరో అవార్డును మొదలుపెట్టాయి. 1998లో చెన్నైకి చెందిన సుందరం-క్లేటన్ డెమింగ్ ప్రైజు గెలిచాక మన కంపెనీలకూ ఆశ పుట్టింది. ఆశతోపాటు కాగితాల మోతా పెరిగింది. 1989లో జపాన్ బయట తొలిసారి ఆ ప్రైజు కొట్టిన అమెరికా విద్యుత్ సంస్థ ఫ్లోరిడా పవర్ అండ్ లైట్, కాగితాల భారం మోయలేమని ఉద్యోగులు మొత్తుకోవడంతో మరుసటి ఏడాదే తన క్వాలిటీ విభాగాన్ని బాగా కుదించుకుంది.

మందుల పరిశ్రమలో షీల్డు కన్నా పెద్ద పరీక్ష ఆడిట్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి వస్తోందంటే ప్లాంటుకు నిద్ర ఉండదు. ‘483’ అన్న అంకె ఇక్కడ కొత్తగా చేరిన కెమిస్టుకు కూడా తెలుసు. తనిఖీలో దొరికిన లోపాలు రాసిచ్చే ఫారం అది. రియాక్టర్ దగ్గర ఆపరేటర్ ఉష్ణోగ్రత చూసి, టైము వేసి, బ్యాచ్ రికార్డులో సంతకం చేయాలి. రాయనిది జరగనట్టే లెక్క. తప్పు రాస్తే కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కారణం రాయాలి. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు కూడా ఒక్కచోట బెసుకుతుంది. ఉష్ణోగ్రత హద్దు దాటిన మాట నిజాయితీగా రాస్తే మెమో వస్తుందని భయపడే ఆపరేటర్ దాన్ని రాయడు. డెమింగ్ తన 14 సూత్రాల్లో సంస్థలోంచి భయాన్ని తరిమేయాలని ఒక సూత్రంగా పెట్టింది ఇందుకే. కాంట్రాక్టు కార్మికుడికి ఆ భయం రెండింతలు.

ఇదంతా గేటు లోపలి కథ. గేటు బయట ఏముంది? 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతానికి 70.07 మార్కులు వేసి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. తర్వాత చాలా యూనిట్లు చుక్క నీరు బయటికి పోని ఏర్పాట్లు చేసుకున్నాయి, నిజమే. అయినా 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. ఇక గేటు లోపలే, 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు యాభై మందికి పైగా కార్మికుల్ని బలి తీసుకుంది.

పురస్కారాల మార్కుల పట్టికలో సమాజం పట్ల బాధ్యత అన్న శీర్షిక లేకపోలేదు. అయితే దరఖాస్తు రాసేది కంపెనీయే. ఆ శీర్షిక కింద బడికి బెంచీలు, మొక్కలు నాటిన ఫొటోలు పెట్టి గట్టెక్కవచ్చు. ఇక్కడే నాకు అభ్యంతరం. మాత్రలో మలినాన్ని పీపీఎంలలో కొలిచే పరిశ్రమకు చెరువు నీటిని కొలవడం చేతకాదంటే నమ్మలేం. యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాలకు మందుల కంపెనీల కూటమి ఏఎంఆర్ ఇండస్ట్రీ అలయన్స్ 2022లో ప్రమాణం రూపొందించింది. మరుసటి ఏడాది నుంచి బ్రిటిష్ ప్రమాణాల సంస్థ దాని ఆధారంగా కైట్‌మార్క్ ముద్ర ఇస్తోంది. మన కేంద్రమేమో 2020 జనవరి ముసాయిదాలో పెట్టిన యాంటీబయాటిక్ అవశేషాల పరిమితుల్ని 2021 తుది నోటిఫికేషన్‌లో తీసేసింది. చిన్న పరిశ్రమలకు ఇచ్చే జెడ్ఈడీ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్) సర్టిఫికెట్ పేరులోనే లోపమూ ఉండొద్దు, పర్యావరణానికి హానీ ఉండొద్దన్న మాట ఉంది. దాన్ని పేరుకే వదిలేయకూడదు.

అవార్డులిచ్చే సంస్థలు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. దరఖాస్తుతోపాటు మూడేళ్ల వ్యర్థజలాల పరీక్షా ఫలితాలు, కాంట్రాక్టు కార్మికులతో సహా ప్రమాదాల రిజిస్టరు అడగాలి. పరిశీలకులు ప్లాంటుతోపాటు ఊరి చెరువు గట్టుకూ వెళ్లాలి. ఆ రెండు కాగితాలూ ఇవ్వని కంపెనీ దరఖాస్తును తెరవకుండానే తిప్పి పంపాలి.