దిండు క్రింది నవల



గడచిన మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము చాల దినములు విడువలేదు. వ్రాసిన సోదరి యీ సికిందరాబాదు వాస్తవ్యురాలే. ఆమె కుమార్తె యింటరు చదువుచున్నది. ఒకనాటి రాత్రి దుప్పటి క్రింద ఫోను వెలుగు కనబడగా తల్లి గుండె ఝల్లుమన్నదట. తీరా చూడగా నది యొక ప్రేమకథ, ధారావాహికము, నూట యెనుబదవ భాగము నడుచుచున్నది. "పిల్ల చెడిపోవునని మా మామగారు దినదినము దెప్పుచున్నారు. మాన్పింపవలెనా, అక్కయ్యా? మాన్పింతునన్న నాకు నోరు లేదు. ఆ వయస్సున నేనును ఇట్టివే చదివితిని. ఇప్పుడును చదువుచున్నాను. కాని దిండు క్రింద దాచుకొని చదువుచున్నాను" అని యామె వ్రాసినది.

ఆ దిండు మాకును పరిచితమే. కనుక నీ మాసము వంటల మాట కట్టిపెట్టి దీనిని గూర్చియే ముచ్చటింతము.

మా తండ్రిగారు మాకు ఇంటనే చదువు చెప్పిరి. మొదట అమరము, తరువాత రఘువంశము, ఆపైని శ్రీనాథుని శృంగారనైషధము. హంస దమయంతి చెంత కేతెంచి నలుని గుణగణములను వర్ణించు ఘట్టమును వారే రాగముతో చదివి, తాత్పర్యము చెప్పి, మరునాడు మాచేత అప్పగింప జేసికొనెడివారు. కన్నెపిల్ల యొకతె యొక పురుషుని కంట జూడకయే, వినికిడి మాత్రమున వలచిన కథ యది. ఇంటిలో నెవరును తప్పు పట్టలేదు. పిల్ల చక్కగా చదువుచున్నదని మురిసిరి. అదే పిల్ల చేత యద్దనపూడి సులోచనారాణి గారి "మీనా" కనబడినప్పుడు మాత్రము "ఇవి ఆడపిల్లలు చదువదగినవి కావు" అనిరి. మీనా చేసిన నేర మేమి? సంపన్నురాలగు తల్లి యదుపు దాటి పల్లెకు బోయినది, బావను వలచినది. దమయంతి సాహసముతో పోల్చినచో నిది యెంత?

శాస్త్రము తెలిసినవారు మమ్ము వెంటనే ఆక్షేపింతురు. నైషధము కావ్యము, మీనా కాలక్షేపము. రెంటిని ఒక్క త్రాసున తూచవచ్చునా యని. శ్రీనాథుని పదబంధము సులోచనారాణి గారికి లేదనుట నిజమే. మేమా వాదమునకు దిగము. కాని మా తండ్రిగారి యభ్యంతరము పదబంధమును గూర్చి కాదు గదా, కథను గూర్చి. కథ మాట వచ్చినప్పుడు సంస్కృతమున గద్యకావ్యములకు మకుటమైన బాణభట్టు కాదంబరి యేమి? ప్రేయసీప్రియులు ఎడబాసి జన్మాంతరము వఱకు వేచియుండుటయే గదా! కన్నడ మహారాష్ట్ర భాషలలో నేటికిని నవలకు "కాదంబరి" యనియే పేరు. మన భాషలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో రాజశేఖర చరిత్రమును ప్రకటింప మొదలిడి దానిని వచనప్రబంధ మనిరి. నవల యను పేరు పెట్టినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు. ఒక చిత్రము చూడుడు: మన తొలి నవలలలో లెక్కకు వచ్చు ఆ గ్రంథమునకు నాయకుడు రాజశేఖరుడు. దాదాపు తొంబది యేండ్లకు తెలుగు స్త్రీల దిండ్ల క్రిందికి చేరిన "సెక్రటరీ" నాయకుడును రాజశేఖరమే. మొదటివాడు మూఢవిశ్వాసముల వలన సంపద గోలుపోయి లోకజ్ఞానము నేర్చుకొనెను. రెండవవాడు కారు దిగి వచ్చి జయంతి మనస్సును కలవరపెట్టెను. పంతులుగారు రెండవవానిని చూచియుండినచో నేమనియుందురో యూహింపగలము.

ఊహింపవలసిన పనియు లేదు. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమున నున్న ముద్దుపళని, రాధికాసాంత్వనము వ్రాసినది. దానిని చదివి పంతులుగారు అది స్త్రీ వ్రాయదగినది గాదని తీవ్రముగా నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటించుచు, లజ్జ యనునది స్త్రీలకే విధింపబడినదా, పురుషులు వ్రాసిన శృంగారమునకు అది అక్కఱలేదా యని నిలదీసిరి. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. రాధాకృష్ణుల శృంగారమును పురుషులు వ్రాసినచో భక్తి. స్త్రీ వ్రాసినచో, మఱియొక స్త్రీ అచ్చు వేయించినచో, అపచారము. మామగారి కోపమునకు వయస్సు చాల యున్నది, సోదరీ.

ఇక మన నవలల సంగతి. కోడూరి కౌసల్యాదేవి గారి "చక్రభ్రమణము" 1964లో "డాక్టర్ చక్రవర్తి"గా వెండితెర కెక్కి నంది బహుమాన మందుకొన్నది. "సెక్రటరీ" ఆ దశకముననే జ్యోతి మాసపత్రికలో ధారావాహికముగా వెలువడి, 1976లో అక్కినేని, వాణిశ్రీ నటించిన చలనచిత్రమైనది. అప్పటికే 1973లో "మీనా", "జీవన తరంగాలు" చిత్రములుగా వచ్చియుండెను. మాదిరెడ్డి సులోచన గారును ఈ కోవలోని వారే. రచయిత్రుల పేరున్న నవల యనినచో చాలును, చేతులు మారిపోవుచుండెను. పురుషులు కొందరు స్త్రీల పేర్లు పెట్టుకొని వ్రాసినకాల మది! వేయేండ్ల సాహిత్యమున అట్టి ముచ్చట ఇంకెప్పుడు జరిగినది?

మా యత్తగారు ఆ కాలమున ఈ యూరనే కాపురమునకు వచ్చిరి. నాలుగు వాటాల యిల్లు. వారిది మేడమీది వాటా. సికిందరాబాదున 1905 నాడే ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసినది. సుల్తాను బజారున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అంతకు నాలుగేండ్లు పెద్దది. కాని క్రొత్తకోడలు ఒంటరిగా గ్రంథాలయమునకు బోయి పురుషుల నడుమ బల్లయొద్ద కూర్చుండుట వారి యింట పొసగని పని. అద్దె పుస్తకముల దుకాణము మాత్రము కూరగాయల త్రోవలోనే యుండెడిది. దినమునకు కొన్ని పైసలు. ఆలస్యమైనచో మఱికొన్ని. అందుచేత చదువు వేగముగా సాగవలెను. నాలుగు వాటాల స్త్రీలును పైసలు కూడవేసి యొక నవల తెచ్చి, ఒకరి పొయ్యిమీద పప్పు ఉడుకునంతసేపు ఒకరు, ఇంకొకరి బిడ్డ నిద్రించునంతసేపు ఇంకొకరు చదివి, సాయంకాలమునకు తిరిగి యిచ్చివేసెడివారట. వారపత్రికలలోని ధారావాహికములనైతే పుటలు కత్తిరించి, వరుస పెట్టి, దబ్బనముతో కుట్టి, అట్ట వేసికొనెడివారు. అట్టి కుట్టు పుస్తకములు మూడు మాయింట నేటికిని బియ్యపు డబ్బా వెనుక నున్నవి. ఒకదానిలో పదునాల్గవ వారము లేదు. ఆ వారము పత్రికను మామగారు పొట్లమునకు చింపిరట. ఆ యధ్యాయమున నేమి జరిగినదో మా యత్తగారు ఆనాడు పొరుగింటి ఆమె నోట విన్నదే మాకును చెప్పుదురు.

ఐదవ తరగతితో చదువు ఆగిన మా యత్తగారు నేడు పత్రికలోని సంపాదకీయము సైతము తడబడక చదువుట కా నవలలే కారణము. కథ తరువాతి పుటకు లాగుకొని పోవుచుండగా అక్షరము దానంతటదే అలవడినది. ఇట్టి ఉపకారము వ్యాకరణము చేయలేదు. మఱియొకటి గలదు. జయంతి మధ్యతరగతి పిల్ల. ఉద్యోగము చేసికొని బ్రతుకుచున్నది. ధనవంతుడు ప్రేమించినాడని తన యభిమానమును చంపుకొనదు. స్త్రీ కార్యాలయమునకు బోవుట ఇంకను చెవులు కొఱుకుకొను సంగతియైన ఆ దినములలో ఆ పిల్ల నడక యింటనున్న స్త్రీలకు ఎంత క్రొత్తగా తోచినదో మా తరమువారము సరిగా నూహింపలేము. విమర్శకులు దానిని కలల వ్యాపార మనిరి. కావచ్చును. కాని వాటాల యింటిలో ఆ కల ఉద్యోగమునకు బోవు పిల్లను గూర్చినది.

ఇన్ని చెప్పితిమి గాని, దిండు సంగతి మిగిలియే యున్నది. తప్పు కానిచో దాచుట యెందుకు?

మాకు తోచిన దిది. మేము దాచునది పుస్తకమును గాదు, సమయమును. మామగారు ఉదయము రెండు గంటలు పత్రిక చదువుదురు, అది లోకజ్ఞానము. మావారు పాఠశాల నుండి వచ్చి క్రికెట్టు చూచుచుందురు, అది విశ్రాంతి. మేము నవల పట్టుకొన్నచో "ఖాళీగా నున్నావా?" యను ప్రశ్న వచ్చును. పుస్తకము చేతనున్న స్త్రీ ఖాళీగా నున్నట్లే లెక్క. భాగవతమైనచో నీ ప్రశ్న రాదు, అది యింటిల్లిపాదికి పుణ్యము. వంటల పుస్తకమైనను రాదు, అది రేపటి కూర. నవల మాత్రము ఎవరికిని పనికిరాదు, మాకు తప్ప. అందుచేతనే అది దిండు క్రిందికి పోవుచున్నది. మా ప్రక్క వాటాలోని తమిళ సోదరి రమణిచంద్రన్ నవలలను బియ్యము చాటక్రింద నుంచుకొనును. కాన్వెంటున చదివిన మా నేస్తురాలు ఆబిడ్సు కాలిబాటపై ఆదివారము పాత మిల్స్ అండ్ బూన్ పుస్తకములను కొని, అట్టకు క్యాలెండరు కాగితము తొడుగును. 1908లో లండనున పుట్టిన ఆ ప్రచురణసంస్థకు మన క్యాలెండరు కాగితముతో ఇంత చుట్టరికము కలుగునని ఎవరనుకొనిరి?

అట్లని నవలలన్నియు ముత్యములని మేము చెప్పము. నాయకుడు ఆరడుగులుండని నవల మాకింతవఱకు దొరకలేదు. ఎవరింటను అంట్లు తోమువారు కనబడరు. ఒక్క మాటతో తీరు అపార్థము రెండువందల పుటలు సాగును. అయినను దీనికి మేమంతగా నొచ్చుకొనము, శాకుంతలమున ఉంగరము చేసిన పనియు నదియే గదా. మేము సహింపలేనిది వేఱొకటి. నాయకుడు కసరుట, చెంపదెబ్బ కొట్టుట, బలవంతముగా ఎత్తుకొనిపోవుట, ఇవి ప్రేమకు గుర్తులుగా వ్రాసిన నవలలు ఆనాడును ఉన్నవి, నేడు ఫోనులో మఱింత విరివిగా నున్నవి. అందులో వైద్యుడైనను, వ్యాపారియైనను, కోపమే పౌరుషము. పదునేడేండ్ల పిల్ల దానిని ఒంటరిగా, దుప్పటి క్రింద చదివినచో అది ప్రేమ యనియే యనుకొనవచ్చును. నలుగురు కూర్చుండి చదివిన వాటాలలో "వీడెవడమ్మా, చేయి చేసికొనుటకు!" అని ఎవరో యొకరు అనియే తీరుదురు. దాచుటలో మాకు కనబడు నష్టమిదే.

కావున సోదరీ, మాన్పింపవలదు. పిల్ల చదువు ఆ కథను మీరును చదువుడు. 2014లో బెంగుళూరున ప్రారంభమైన ప్రతిలిపి వంటివానిలో తెలుగు కథలు లెక్కకు మిక్కిలిగా నున్నవి, వ్రాయువారిలో మనవంటి గృహిణులు ననేకులు. కొన్ని యెడల అధ్యాయములకు తాళము వేసి సొమ్మడుగుదురు. ఆ లెక్క మాత్రము మీ చేత నుంచుకొనుడు. రాత్రి పదిగంటల తరువాత వెలుగు ఆర్పించుడు, అది కన్నుల కొఱకు, కథ కొఱకు గాదు. పగలు నట్టింట కూర్చుండి, మామగారు పత్రిక చదువుచున్న వేళనే, మీరును మీ నవల తెఱచి పట్టుకొనుడు. వారు "ఖాళీగా నున్నావా?" యని యడిగినచో "లేదండీ, చదువుచున్నాను" అనుడు. మొదటి వారము ఇంటిలో కొంత గాలివాన వచ్చును. మాయింటను వచ్చినది.

మా యత్తగారికిని మాకును ఒక తగవు పదేండ్లుగా తీరలేదు. తుదకు జయంతి రాజశేఖరమును చేపట్టుట సబబే యని వారు. ఉద్యోగము మానకుండ మఱి రెండేండ్లు వేచియుండవలసినదని మేము. 2018లో సులోచనారాణి గారు కాలిఫోర్నియాలో కన్నుమూసిన వార్త వచ్చిన దినమునను ఆ తగవే పడి, ఆమె బియ్యపు డబ్బా వెనుకనుండి కుట్టు పుస్తకము తీసి చూపిరి. సోదరీమణులు తమ తీర్పును కార్డుపై వ్రాసి పంపినచో వచ్చు సంచికలో ప్రకటింతుము. పేరు వలదన్నచో వేయము.